కుక్కను పట్టుకోండి

ఇదెర్ నది దాటి వచ్చేవాళ్ళెవరైనా
మా గుడారానికి వందడుగుల దూరంలో గుర్రం ఆపి
కుశలం అడగరు, పేరు చెప్పరు.
"నొహోయ్ హోర్!" అని కేకేస్తారు.
కుక్కను పట్టుకోండి, అని.
మా మంగోలియాలో గుమ్మం ముందు పలకరింపు అదే.

కోడలిగా వచ్చిన రోజు
నేను ఆ కేక మర్చిపోయాను.
పట్నంలో పెరిగినదాన్ని,
మెట్లెక్కి గంట నొక్కడమే తెలుసు.
ఆసర్ లేచింది.
లేవడం కాదది, మంచు కప్పిన బండరాయి ఒకటి
తను బండరాయిని కానని గుర్తు తెచ్చుకోవడం.
మొరగలేదు.
నాకూ గుమ్మానికీ మధ్య అడ్డంగా నిలబడింది.
కళ్ళపైన రెండు గోధుమరంగు చుక్కలు.
పైకళ్ళు దెయ్యాలకి, కిందివి దొంగలకి అని
మా అత్త దుల్మా తర్వాత చెప్పింది.
నన్ను ఏ కళ్ళతో చూసిందో చెప్పలేదు.

ఆ చలికాలమంతా నన్ను లెక్కలోకి తీసుకోలేదు.
ఎముక వేస్తే, నేను వెళ్ళేదాకా ముట్టేది కాదు.
చెయ్యి చాపితే చూపు తిప్పుకునేది,
అప్పడగబోయే చుట్టాన్ని చూసినట్టు.
"దాన్ని ముద్దు చెయ్యకు," అనేవాడు సంబూ,
"దానికి పనుంది."

ఆ పనేమిటో రాత్రిపూట తెలిసింది.
మైనస్ ముప్పై ఎనిమిది. కడుపులో ఆరో నెల.
గంటకోసారి బయటికెళ్ళాలి.
నేను అంగీ ఎత్తి పట్టుకుని మంచులో కూర్చుంటే
పదడుగుల అవతల వచ్చి కూలబడేది
వీపు నావైపు పెట్టి.
మర్యాద కాబోలు అనుకున్నాను.
చాలా రాత్రులకు గాని అర్థం కాలేదు:
నాకు వీపు, చీకటికి ముఖం.

ఆ వీపు నాకు కంఠతా వచ్చు.
మెడ దగ్గర సుడి,
కుడి భుజం మీద తోడేలు గీసిన గీత,
తోకలో ఏ దువ్వెనకీ లొంగని చిక్కు.

మంచిదని మాత్రం చెప్పను.
గొర్రెలకు టీకాలేసే కుర్రాడు
సంచి తెరవడం దానికి నచ్చలేదు.
పిక్క పట్టింది. పదకొండు కుట్లు.
ఒక పొట్టేలు, రెండు డబ్బాల వెన్న,
మా అత్త ముప్పై ఏళ్ళుగా దాచుకున్న
క్షమాపణ మాటలన్నీ ఖర్చయిపోయాయి.
ఆ రాత్రి సంబూ తుపాకీ తీశాడు.
నూనె రాసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.
తెల్లారేదాకా తుడిచి పెట్టెలో పెట్టేశాడు.
ఆసర్‌ని మూడు రోజులు గొలుసుకి కట్టాం.
ఆ మూడు రోజుల్లో నాలుగు మేకలు పోయాయి.

నా కూతురు సొలాంగో
దాని బొచ్చు పట్టుకునే నడక నేర్చింది.
నన్ను తాకనివ్వని జంతువు
పిల్ల చెవి కొరుకుతుంటే
ఎవరో తనకి తెలియనివాళ్ళ చెవి అన్నట్టు
కొండలవైపు చూస్తూ కూర్చునేది.

వసంతంలో రాలిన బొచ్చు ఏరి
ఒంటె ఊలు కలిపి వడికి
దుల్మా మోకాళ్ళకు పట్టీలు అల్లాను.
"ఇంక నా కీళ్ళ జోలికి ఏ తోడేలూ రాదు," అంది.

పదమూడో ఏట చెవులు పోయాయి.
వచ్చినవాళ్ళు కేకేసి, కేకేసి,
దాని పక్కనుంచే నడిచి లోపలికొచ్చేవారు.
ఉప్పు టీ తాగి తిరిగి వెళ్తుంటే అప్పుడు చూసి
ఆలస్యంగా, వాళ్ళ వీపులమీద మొరిగేది.
పాపం, పెద్దమనుషులు,
దాని మాట దక్కించడానికి కాస్త పరిగెత్తేవారు.

పోయింది. కొండమీదికి మోశాం.
నోట్లో వెన్నముద్ద పెట్టాలి,
తోక కోసి తలకింద ఉంచాలి,
వచ్చే జన్మలో మనిషవుతుందని ఆచారం.
కత్తి తీసిన సంబూ చెయ్యి పట్టుకున్నాను.
మనిషై ఏం చేస్తుంది?
అందరిలాగే ఎదురుగా కూర్చుంటుంది.
సంబూ కాసేపు ఆగాడు. తర్వాత కోశాడు.

ఇంకో కుక్కని ఇంకా తేలేదు.
అయినా నిన్న సాయంత్రం నదివైపు నుంచి
ఎవరో గుర్రం ఆపి కేకేశారు,
"నొహోయ్ హోర్!"

కుక్క లేదని చెప్పొచ్చు.
నేను బయటికొచ్చాను.
నడుమెత్తున చెయ్యి చాపి
గాలిని మెడ దగ్గర గట్టిగా పట్టుకుని
"పట్టుకున్నాను, రండి," అన్నాను.